కొంచెం తాగినాడన్నాను

పదహారేళ్లుగా నా దగ్గర ఒక తులసిమాల ఉంది. అది నాది కాదు. టీ అంగట్లో చక్కెర డబ్బా వెనక, పాత బిస్కెట్ల రేకు డబ్బాలో, గుడ్డలో చుట్టి దాచాను. చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. అయినా మూడుసార్లు అంగడి మార్చినప్పుడు స్టవ్వు, బెంచీలు, గిన్నెలు అన్నీ ఎవరెవరి చేతనో మోయించాను గానీ, ఆ డబ్బాను మాత్రం నేనే చంకలో పెట్టుకొని వచ్చాను. ఎవరైనా మూత తీసి, ఇదెవరిదప్పా అని అడుగుతారేమోనని భయం. అడిగితే ఏదో ఒక జోకు వేసి తప్పించుకుంటానని నాకు తెలుసు. అసలు భయం అదే.

అందుకే మీకు చెబుతున్నాను, అదీ కాగితం మీద. ఎదురుగా మనిషి కనబడితే నవ్వించకుండా ఉండలేని జబ్బు నాది. మీ మొహం నాకు కనబడదు. మీరు నవ్వుతున్నారో లేదో తెలియదు. ఇంతకంటే మంచి అదను నాకు దొరకదు.

నా పేరు చెప్పను. హిందూపురంలో టీ అంగడి, అంతవరకు చాలు. నేను ఆరో తరగతిలో బడి మానేశాను. బడే నన్ను మానేసిందని అంటుంటాను. వడలు చుట్టే పాత పేపర్లు చదివి చదివి ఈ మాత్రం రాత అబ్బింది. దానివల్ల ఒక చిక్కు ఉంది. సగం కథలకు నాకు చివర తెలియదు, నూనె మరకలో పోతుంది. ఈ కథకు మాత్రం చివర నాకే తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

మా అక్క నాగమ్మ. ఆమె మొగుడు ఓబులేశు. మాది నల్లమాడ దగ్గర పల్లె. బావవీ, మావీ కలిపి నూట ఇరవై గొర్రెలుండేవి. ఎండాకాలం వస్తే మా పక్క గడ్డి పరక మిగలదు, కుంటల్లో నీళ్లుండవు. ఉగాది దాటగానే బావా, నేనూ గొర్రెల్ని తోలుకొని రోడ్డెక్కేవాళ్లం. కొత్తచెరువు, పెనుకొండ, హిందూపురం మీదుగా కన్నడ సీమ అంచుదాకా మేపుకుంటూ పోయి, తొలివాన పడినాక తిరిగి వచ్చేవాళ్లం. దారిలో ఎవరి చేనులోనైనా మంద పెడితే, ఎరువు పడుతుందని ఆ రైతు రాగులో బియ్యమో ఇచ్చేవాడు. రెండు నెలలపాటు రోడ్డే ఇల్లు. ఆ ఇంటికి కప్పు లేదు, అంతే తేడా.

ఎండలో బతకడానికి కొన్ని పద్ధతులుండేవి. అన్నీ బావవే. తెల్లవారకముందే మంద లేపాలి. పది గంటలకల్లా ఎక్కడో ఒక నీడ పట్టాలి. చింతచెట్టు దొరికితే సరి, లేకపోతే రోడ్డు కింద వాననీళ్లు పోయేందుకు కట్టిన మోరీ. ఎండాకాలం మాకు మోరీలే లాడ్జీలు. నాలుగైతే గాని బయటికి రాకూడదు. పొద్దున్నే రాగి అంబలి కడుపునిండా తాగాలి. తాగే నీళ్ల క్యానుకు గోనెపట్ట చుట్టి కుట్టి, దాన్ని తడిపి, గాలి తగిలేలా వేలాడదీయాలి. నెత్తిన గొంగళి ఉండాలి. ఇంత ఎండలో ఉన్ని గొంగళి ఏందప్పా అని బస్సుల్లో పోయేవాళ్లు తలలు బయటపెట్టి నవ్వేవాళ్లు. మీ బస్సు రేకు కంటే మా గొర్రె ఉన్ని నయమని నేను అరిచి చెప్పేవాణ్ని.

గొర్రెలకూ వాటి పద్ధతి ఉంది. ఎండ ముదిరితే ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి, అన్నీ ఒక ముద్దగా నిలబడిపోతాయి. ఏ గొర్రైనా ఆ ముద్దలోంచి విడిపోయి, తల వేలాడేసి, కాళ్లు తడబడుతూ ఒంటరిగా నిలబడిందంటే దానికి ఎండ తగిలిందని లెక్క. అప్పుడిక ఆలోచించే పని లేదు. నీడకు ఈడ్చి, చెవుల మీద, పొట్ట కింద నీళ్లు పొయ్యాలి. ఇది నాకు పదేళ్ల వయసు నుంచి తెలుసు. తెలియక చేసిన తప్పని మీరు అనుకోకూడదని ముందే చెబుతున్నాను.

మా పక్క బావాబామ్మర్దుల మధ్య ఎగతాళికి హద్దు లేదు. ఎగతాళి లేకపోతేనే ఏదో గొడవ ఉందనుకుంటారు. ఓబులేశు బావ అంత బాగా నవ్వే మనిషిని నేను చూడలేదు. నవ్వు పుడితే మొదట భుజాలు కదిలేవి, తర్వాత కళ్లల్లో నీళ్లొచ్చేవి, చివరికి గొంతు బయటపడేది. ఆ గొంతుకు గొర్రెలు కూడా తలెత్తేవి. ఆ నవ్వు కోసం నేను దారి పొడవునా కొత్త కొత్త మాటలు కట్టుకుంటూ నడిచేవాణ్ని. సాయంత్రం ఇద్దరం కూర్చుని కల్లో, సారానో తాగేవాళ్లం. తాగితే ఆయన ఇంకా నవ్వేవాడు.

ఒకసారి తాగి పడుకున్నప్పుడు కుక్కలు మంద మీద పడి ఏడు గొర్రెపిల్లల్ని చంపేశాయి. ఆరోజు బావ ఇంటికి పోయి, కూతురు పద్మను ఒళ్లో కూర్చోబెట్టుకొని, ఆ పాప తల మీద చేయి పెట్టి ఇంక తాగనని మాటిచ్చాడు. పోయి పాండురంగడి మాల వేసుకొచ్చాడు. మా జిల్లాలో తాగుడు మానాలనుకున్నవాళ్లు చాలామంది చేసే పనే అది. తులసిమాల మెడలో పడితే కల్లు, సారా, మాంసం ముట్టకూడదు. ఏకాదశికి ఉపవాసం ఉండాలి. తప్పితే మాల మెడలో ఉండటానికి లేదు.

బావ మాంసం మానేసిన రోజు గొర్రెలన్నీ కాళ్లు బారజాపి నిశ్చింతగా పడుకున్నాయని ఊరంతా చెప్పాను. ఊరు నవ్వింది. బావ చిన్నగా చిరునవ్వు నవ్వాడు, అంతే. తర్వాత రెండేళ్లు అంతే. కోపం లేదు, నా మీద ప్రేమ తగ్గలేదు, కానీ ఆ పెద్ద నవ్వు మాత్రం పోయింది. నేను ఒక్కణ్నే తాగుతుంటే పక్కన కూర్చుని ఏదో భజన కూనిరాగం తీసేవాడు. అక్క మొహం ఆ రెండేళ్లలోనే నిండుగా కనబడింది. అది నేను కళ్లారా చూశాను. చూస్తూ కూడా, బావ మాల తెగిపోవాలని లోపల ఎక్కడో కోరుకున్నానా? ఇన్నేళ్లూ లేదు, లేదు అని చెప్పుకున్నాను. ఇప్పుడు మీతో అబద్ధం ఎందుకు? కోరుకున్నాను.

అది తొంభై మూడు, ఎండాకాలం. పెనుకొండ బయట ఒక చేనులో మంద పెట్టాం. పొద్దున్నే లేచి పోవాలి. అక్కడికి ఆరేడు మైళ్ల దూరంలో ఒక రైతు బోరు ఉంది. మధ్యాహ్నం పన్నెండుకు కరెంటు వస్తుంది, రెండుకు పోతుంది. ఆ రెండు గంటల్లో మందకు నీళ్లు తాపుకోమన్నాడు. పదిలోగా ఆ బోరు దగ్గర నీడ పట్టి, పన్నెండుదాకా పడుకోవాలని బావ లెక్క. నన్ను క్యాను ఇచ్చి ఊళ్లోకి పంపాడు. నీళ్లు పట్టుకొని, టీ తాగి, వెంటనే రమ్మన్నాడు. ఆయనకు ఆరోజు ఏకాదశి. అంబలి లేదు, సంగటి లేదు, టీ కూడా లేదు. నీళ్లే.

హోటల్లో నలుగురు కూర్చుని ఉన్నారు. నేను నోరు తెరిచాను. ఇంక చెప్పేదేముంది. మా బావకు గొర్రెలు ఏకాదశి పాటిస్తున్నాయో లేదో అని అనుమానమట అని మొదలుపెట్టాను. నలుగురు ఎనిమిది మందయ్యారు. ఎనిమిది గంటలైంది. కొళాయి దగ్గరికి పోతే ఆడవాళ్ల బిందెలు వరసగా ఉన్నాయి. ఆలస్యమైందని క్యాను సగమే పట్టుకొని పరుగెత్తాను. బావ క్యాను ఊపి చూశాడు. గోనెపట్ట తడపడానికి కూడా అందులో నీళ్లు చాలవని ఇద్దరికీ తెలుసు.

పదకొండుకల్లా క్యాను అయిపోయింది. ఆఖరి రెండు గుక్కలు నేనే తాగాను. తాగుతావా అని అడిగాను, నువ్వు తాగు అన్నాడు, తాగాను. రెండోసారి అడగలేదు. ఆ పొద్దు తారు మెత్తబడి గొర్రెల గిట్టలకు అంటుకుంటోంది. నీడ పట్టడానికి ఆగితే కరెంటు పోతుంది, మంద ఆ రోజంతా ఎండుతుంది. నడవాల్సిందే. ఒకచోట రోడ్డుకు ఫర్లాంగు దూరంలో ఈతచెట్ల కింద కల్లంగడి కనబడింది. చుట్టుపక్కల మనుషులున్న చోటు అదొక్కటే. ఆడ నీళ్లు అడిగి పట్టుకొస్తాను, నువ్వు మంద తోలుకొని ముందరుండే బస్ షెల్టరు దగ్గర ఉండు అని, ఖాళీ క్యాను తీసుకొని బావ చేనుకు అడ్డంపడి పోయాడు.

షెల్టరు దగ్గర పదిమంది దాకా బస్సు కోసం కూర్చుని ఉన్నారు. నేను మందను గోడ నీడకు చేర్చి, వాళ్లతో మాటల్లో పడ్డాను. ఒక అరగంటకు బావ వచ్చాడు.

నెత్తిన గొంగళి లేదు. చేతిలో క్యాను లేదు. చేతులు రెండూ వేలాడేసి, ఒక అడుగు రోడ్డు మీద, ఒక అడుగు మట్టిలో వేస్తూ వస్తున్నాడు. కల్లంగడి వైపు నుంచి. నన్ను చూసి అక్క పేరు పెట్టి పిలిచాడు. నాగమ్మా, మంద లేపు అన్నాడు.

నా గుండెల్లో ఏదో ఎగిరింది. అది భయం కాదు. సంతోషం. నా పాత బావ తిరిగొచ్చాడు అనుకున్నాను.

"సూడండప్పా," అన్నాను షెల్టరులో వాళ్లతో. "పాండురంగడు కల్లంగడి కాణ్నించి నడిసి వస్తాండాడు. ఏకాదశి ఉపాసం ఆడనే ఇడిసినట్టుండాది."

అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. రెండేళ్ల తర్వాత నవ్వాడు. భుజాలు కదిలాయి, గొంతు బయటికొచ్చింది, ఆపుదామన్నా ఆగలేదు. ఆ నవ్వు ఎండ నవ్విస్తున్న నవ్వని నాకెలా తెలుస్తుంది? అని చాలా ఏళ్లు నన్ను నేనే అడిగాను. ఎలా తెలుస్తుందంటే, ఆయన కళ్లల్లో నీళ్లు రాలేదు. ఇదివరకు ఎప్పుడు నవ్వినా వచ్చేవి. నేను చూశాను.

చేయి పట్టుకొని గోడ దగ్గర కూర్చోబెట్టాను. ఆ చేయి పొయ్యి మీది పెనంలా ఉంది. పొడిగా ఉంది. అప్పుడు బస్సు కోసం కూర్చున్న ఒక అవ్వ లేచి వచ్చింది. బావ మెడ మీద చేయి పెట్టి చూసింది.

"ఏమబ్బా, ఈ మనిషికి సెమట సుక్క లేదే. ఒళ్లు కాలిపోతాండాది. నెత్తిన ఇన్ని నీళ్లు పొయ్యి."

"లోపల పోసుకొనే వచ్చినాడు లేవ్వా," అన్నాను. "ఇంగ పైన కూడా పొయ్యాల్నా?"

మళ్లీ నవ్వారు. మొదటిసారి కంటే ఎక్కువ. అవ్వ ఒక్కతే నవ్వలేదు.

ఆ మాట నేను ఎందుకన్నాను? అవ్వ చెప్పింది నిజమని నాకు అప్పుడే తెలుసు. మందలో ఒక గొర్రె అలా నిలబడి ఉంటే నేను కేకలు పెట్టి, నీళ్ల కోసం రోడ్డు మీద పోయే లారీకి అడ్డం పడేవాణ్ని. వంగి ఆయన నోటి దగ్గర వాసన చూడటానికి ఒక్క క్షణం పట్టేది. చూడలేదు. వాసన లేకపోతే నా జోకు ఏమవుతుంది? పదిమంది నవ్వుతున్నారు, ఆ నవ్వును మధ్యలో ఆపి, అయ్యో నేను తప్పు చూశానప్పా అని చెప్పడం నా చేత కాలేదు. ఇంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు వెదికానో.

మత్తు దిగేదాకా ఈడనే పండుకో బావా అని చెప్పి, మందను తోలుకొని బోరు దగ్గరికి పోయాను.

కరెంటు అప్పుడే వచ్చింది. గొర్రెలు తొట్టి మీద పడి తాగాయి. నేనూ తాగాను. పైపు కింద తల పెట్టాను. చల్లటి నీళ్లు మెడ మీదుగా వీపు మీదికి జారుతుంటే హాయిగా కళ్లు మూసుకొని, బావను ఇంటికి పోయినాక ఎలా ఏడిపించాలో మాటలు కట్టుకుంటూ నిలబడ్డాను. కరెంటు పోయేదాకా నిలబడ్డాను. తర్వాత టవలు తడిపి నెత్తిన వేసుకొని, మందను ఆ రైతుకు చూడమని చెప్పి, తిరిగి వచ్చాను.

షెల్టరు ఖాళీగా ఉంది. బస్సు వచ్చి వెళ్లిపోయింది. అవ్వ మాత్రం వెళ్లలేదు. బావ తల ఒళ్లో పెట్టుకొని, ఖాళీ అయిన తన సీసా పక్కన పెట్టుకొని, కొంగుతో విసురుతోంది. బావకు తెలివి లేదు. అవ్వ నా నెత్తి మీది తడి టవలు చూసింది. చేయి చాపింది. నేను ఇచ్చాను. ఆ టవలు పిండి ఆయన మొహం మీద పెట్టింది. ఆ చూపు గురించి ఇంక రాయలేను.

జీపు ఒకటి ఆపి హిందూపురానికి తీసుకుపోయాం. దారిలోనే పోయాడు.

షెల్టరులో నవ్వినవాళ్లు బస్సులెక్కి తలా ఒక ఊరికి పోయారు కదా. శవం మా పల్లెకు చేరేలోపే, మాల మెడలో పెట్టుకొని ఏకాదశి నాడు కల్లు తాగి ఎండకు పోయినాడట అన్న మాట చేరింది. మాల వేసుకున్నవాళ్లు పోతే భజన చేస్తూ సాగనంపుతారు. బావకు భజన లేదు. ఆ భక్తుల పెద్ద ఒకాయన వచ్చి, తప్పిన మెడలో ఇది ఉండకూడదని, మెల్లిగా, కోపం లేకుండా ఆ తులసిమాల తీసి నా చేతిలో పెట్టాడు. పారే నీళ్లలో వదిలెయ్ నాయనా అన్నాడు.

ఆ ఎండాకాలం మా జిల్లాలో పారే నీళ్లు ఎక్కడున్నాయి? చిత్రావతి ఇసుక, పెన్న ఇసుక. వాన పడి ఏరు పారినాక వదులుదామని జేబులో వేసుకున్నాను. వాన పడింది. ఏరు పారింది. వదలలేదు.

ఎందుకు వదలలేదో చెప్పాలి. నాలుగో రోజు నేను మందను తెచ్చుకోవడానికి పోయినప్పుడు క్యాను, గొంగళి గుర్తొచ్చి ఆ కల్లంగడికి పోయాను. కల్లు పోసే ఆయమ్మ రెండూ తీసి పెట్టింది. ఆమె చెప్పింది ఇది. మీ మనిషి వచ్చి నీళ్లడిగినాడు. కుండలో నీళ్లు అయిపోయినాయి, కావాలంటే కల్లు తాగు, చల్లగా ఉంటుంది, దుడ్లు కూడా వద్దన్నాను. మాల చూపించి, ఈ పొద్దు ఏకాదశి తల్లీ అన్నాడు. కాసేపు కూర్చోమంటే మంద ఎదురుచూస్తూ ఉంటుందని లేచినాడు. గొంగళి, క్యాను మరిచిపోయినాడు, పిలిస్తే పలకలేదు.

నేను క్యాను ఊపి చూశాను. ఎందుకు ఊపానో తెలియదు. గోనెపట్ట ఎండి అట్టలాగ బిగిసిపోయింది.

అంటే, ఎవరికీ తెలియకపోయినా నాకు తెలిసింది. పదకొండో రోజు అక్క నన్ను ఇంటి వెనకకు పిలిచేనాటికి ఈ సంగతి నా దగ్గర ఏడు రోజులుగా ఉంది. ఏడు రోజుల్లో ఏ పూటైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. అక్క ఏడుపు అప్పటికి ఆగిపోయింది.

"నువ్వు పక్కనే ఉంటివి," అంది. "ఊర్లోవాళ్ల మాటలు నాకొద్దు. నా మీద ఒట్టేసి సెప్పు. ఆ పొద్దు మీ బావ తాగినాడా?"

తాగలేదంటే తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. మరి ఎందుకు వదిలేసి పోయినావు?

"కొంచెం," అన్నాను. "కొంచెం తాగినాడక్కా."

చూశారా, కొంచెం. అబద్ధానికి కూడా కొలత పెట్టాను, నిజంలాగ వినబడాలని. బాగా తాగినాడంటే నమ్మేది కాదేమో. అక్క మొగుణ్ని వెనకేసుకొచ్చే తమ్ముడిలాగ, నొచ్చుకుంటూ, తల దించుకొని అన్నాను. నా జన్మలో నేను వేసిన వేషాలన్నిటిలోకీ బాగా కుదిరింది అదే.

అక్క లోపలికి పోయి గోడ మీది పాండురంగడి పటం తీసి పక్కింటివాళ్లకు ఇచ్చేసింది. బావ ఫొటో ట్రంకు పెట్టెలో పెట్టింది. ఏడాది తిరక్కుండా తన వంతు గొర్రెలు అమ్మేసి, పద్మను తీసుకొని ధర్మవరం పోయి, ఒక నేతగాళ్ల ఇంట్లో పట్టునూలు కండెలకు చుట్టే పనిలో చేరింది. నూలు చుట్టి చుట్టి వేళ్లు కోసుకుపోయాయి. చచ్చినందుకు ఆమె ఆయన్ని తప్పు పట్టలేదు. కూతురి తల మీద చేయి పెట్టి ఇచ్చిన మాటను కల్లుకు అమ్ముకున్నాడని, అది ఒక్కటే ఆమె మనసులో ఉండిపోయింది. మొగుడు ఎండకు పోయాడు. ఆమెకు మిగిలిన ఆ రెండేళ్ల మంచి మనిషిని మాత్రం నేనే తీసేశాను.

నేనూ గొర్రెలు వదిలేశాను. హిందూపురంలో టీ అంగడి పెట్టుకున్నాను. ఎండాకాలం వస్తే అంగడి ముందు ఆరు కుండలు పెడతాను. వాటికి గోనెపట్టలు చుట్టి, తడిపి, దారిన పోయేవాళ్లందరికీ నీళ్లు పోస్తాను. ఎంత పుణ్యాత్ముడివప్పా అంటారు. నేను నవ్వుతాను. అదీ ఒక దొంగతనమే. చెమట పట్టకుండా ఎవరైనా నడిచి వస్తే మాత్రం నాకు మాట పడిపోతుంది. గ్లాసు చేతికిచ్చి, వాళ్లు తాగేదాకా మణికట్టు పట్టుకొని నిలబడతాను. పిచ్చోడనుకుంటారు.

ఇది ఇట్లాగే నాతో పోయేది. కానీ పద్మకు కొడుకు పుట్టాడు. ధర్మవరంలో, మా అక్క ఇంట్లోనే. వచ్చే బేస్తవారం పేరు పెడతారు. తన తండ్రి పేరు పెట్టుకుంటానని పద్మ అంది. ఆమె మొగుడూ, అత్తమామలూ సరేనన్నారు. అక్క ఒప్పుకోలేదట. మాట తప్పినోని పేరు ఈ ఇంట్లో పలకొద్దు అందట.

నిన్న పద్మ ఫోన్ చేసింది. "మామా, నువ్వు పక్కనే ఉంటివి కదా. మా నాయన నిజంగా తాగినాడా?"

పదహారేళ్ల తర్వాత అదే ప్రశ్న. నోటిదాకా వచ్చింది. ఏమొచ్చిందో తెలుసా?

"మీ నాయన నాకు పోయకుండా తాగే మనిషేనా పాపా," అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. నువ్వెప్పుడూ ఇంతే మామా అని ఫోన్ పెట్టేసింది. నిజం చెప్పాను. నవ్వులో ముంచి, ఎవరికీ దొరక్కుండా చెప్పాను. ఆ నవ్వు భుజాలతో మొదలయ్యే నవ్వు అయ్యుంటుంది, తండ్రి పోలికే. ఫోన్లో కనబడదు.

ఈ మధ్యాహ్నం అంగట్లో ఎవరూ లేరు. బయట రోడ్డు మీద ఎండ తెల్లగా పడి ఉంది. డబ్బా దించి, గుడ్డ విప్పి, మాల బల్ల మీద పెట్టి ఇది రాయడం మొదలుపెట్టాను. బేస్తవారం పొద్దున రైలెక్కాలి. అక్కకు చదవడం రాదు. ఈ కాగితం ఎవరో ఒకరు చదివి వినిపించాలి. ఆ ఎవరో ఒకరు నేనే కావాలి. చదువుతానా? మధ్యలో ఎక్కడో ఒక వంకర మాట వేసి, ఆమె మొహం తేలికపడేలా చేసి, కాగితం మడిచి జేబులో పెట్టేస్తానా? ప్రమాణం చేయలేను. నా మాటల విలువ మీరు ఇప్పుడే చూశారు. క్షమించమని మాత్రం అడగను. ఇన్నేళ్లు చేసింది చాలు, ఇప్పుడు ఆ పని కూడా ఆమె నెత్తినే పెట్టలేను.

ఒక్క వాక్యం నవ్వు కలపకుండా రాయాలని కూర్చున్నాను. ఇదంతా ఆ వాక్యానికి దారి. మా బావ ఓబులేశు ఆ పొద్దు కొంచెం కూడా తాగలేదు. నీళ్లు అడిగాడు, దొరకలేదు.

రాశాను. ఊపిరి కాస్త లోతుగా అందుతోంది. అంతకు మించి ఏమీ జరగలేదు.

ఈలోగా ఎప్పుడూ వచ్చే లారీ డ్రైవరు ఒకాయన లోపలికొచ్చాడు. కుండలో నీళ్లు ముంచుకొని తాగి, మొహం తుడుచుకుంటూ బల్ల మీదికి చూశాడు.

"ఇదెవరిదప్పా?"

"మా బావది," అన్నాను.

ఆయన పెదాలు అప్పుడే నవ్వుకు సిద్ధమయ్యాయి. తర్వాత వచ్చే మాట కోసం నా మొహం వైపు చూస్తూ ఆగాడు. చాలాసేపు ఆగాడు. నేనేమీ అనలేదు.